నీరు, గాలి, ఎండ: ప్రవాసాంధ్ర సీమలలో తరుగని శక్తి చరిత్ర

తెలుగు మాటలాడు జనులు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల ఎల్లలలోపలనే నిలిచియుండలేదు. కోలారు, పావగడ, బళ్లారి సీమలలోను, కోయంబత్తూరు, కోవిల్పట్టి ప్రాంతములలోను, జయపురము, కొరాపుట్టు మన్యములలోను, బొంబాయి, షోలాపురముల నేతవాడలలోను తరతరములుగా స్థిరపడియున్నారు. వీరి వలసలను గూర్చియు, శాసనములను గూర్చియు, ఇంటిభాషను గూర్చియు పండితులు విరివిగా వ్రాసియున్నారు. అయితే ఈ సీమలకు ఉమ్మడిగా నున్న మరియొక చరిత్ర కలదు. అది విద్యుచ్ఛక్తి చరిత్ర. భారతదేశమున ఏటి నీటినుండి, గాలినుండి, ఎండనుండి విద్యుత్తును పుట్టించు ప్రయత్నములలో ముఖ్యమైనవి కొన్ని మనవారు కాపురమున్న ఈ నేలల మీదనే జరిగినవి.

బొగ్గును, నూనెను త్రవ్వి వాడినకొలది గనులు తరిగిపోవును. నీరు, గాలి, ఎండ అట్లు కావు. ఏటేట మరల వచ్చును. కనుకనే వీనిని నేడు పునరుత్పాదక శక్తివనరులని పిలుచుచున్నారు. వీనిని గూర్చి వ్రాయువారు సాధారణముగా ఒక్క లెక్కనే చెప్పుదురు: ఎన్ని మెగావాట్లు స్థాపించితిమి, ఇంకెన్ని స్థాపింపవచ్చును అని. ఈ లెక్క అవసరమే. కాని దీని ప్రక్కన మరియొక లెక్కయు వ్రాయవలసియున్నది. శక్తి పుట్టిన చోట నివసించిన వారికి దాని ఫలమెంత చేరినది? ఈ రెండవ లెక్కను మన సీమలలోని ఉదాహరణములతో పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

1. కావేరి నీరు, కోలారు బంగారము

మన దేశమున మొదటి జలవిద్యుత్కేంద్రము 1897లో డార్జిలింగు సమీపమున సిద్రపాంగు అను చోట వెలసినది. దాని శక్తి 130 కిలోవాట్లు మాత్రమే. అది పట్టణపు వీథిదీపములకు చాలినంతది. పరిశ్రమను నడుపగల పెద్ద ప్రయత్నము మైసూరు సంస్థానమున జరిగినది. దివాను సర్ కె. శేషాద్రి అయ్యరు కాలమున, కావేరి నది శివసముద్రమువద్ద దుమికెడి తావున విద్యుత్కేంద్రమును నిర్మింప సంకల్పించిరి. జోలీ డి లాట్బినియర్ అను ఇంజనీరు దాని యోజనను సిద్ధపరచెను. 1902 జూన్ నెలలో అక్కడ పుట్టిన విద్యుత్తు సుమారు 92 మైళ్ల దూరము తీగలమీద సాగి కోలారు బంగారుగనులకు చేరెను. అంతటి దూరమునకు విద్యుత్తును పంపుట ఆ రోజులలో ప్రపంచమునకే విశేషము.

కోలారు జిల్లా తెలుగు మాట విరివిగా వినబడు జిల్లా. గనులలో దిగి పనిచేసిన కూలీలలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. కావున శివసముద్రపు శక్తికి మొదటి గిరాకిదారు గనుల కంపెనీయైనను, ఆ శక్తితో నడిచిన యంత్రములవద్ద పాటుపడినవారిలో మనవారు కలరు. బెంగుళూరు నగరమున విద్యుద్దీపము వెలిగినది 1905లో. తీగలు దాటిపోయిన పల్లెలకు దీపము వచ్చుటకు మరి కొన్ని దశాబ్దములు పట్టినది. మొదట గని, పిదప నగరము, చివరకు పల్లె: ఈ వరుస నాడే ఏర్పడినది. 2001లో కోలారు గనులు మూతపడినవి. శివసముద్రపు యంత్రములు మాత్రము ఇంకను తిరుగుచున్నవి. బంగారము తరిగిపోయినను దానిని వెలికితీయుటకు తోడ్పడిన ఏరు తరిగిపోలేదు. తరుగు సంపదకును, తరుగని సంపదకును గల భేదమునకు ఇంతకంటె మంచి నిదర్శనము వెదకనక్కరలేదు.

ఈ ప్రయత్నమున మరియొక పాఠము కూడ కలదు. వర్షకాలమున పొంగిపొరలు కావేరి వేసవిలో సన్నగిల్లును. నీరు తగ్గినప్పుడు యంత్రములు మందగించును. ఏడాది పొడవున గనులకు నిలుకడగా శక్తి నీయవలెనన్న నీటిని పైన నిలువచేయక తప్పదు. 1911లో ఆరంభమైన కృష్ణరాజసాగరపు ఆనకట్టకు వ్యవసాయముతోపాటు ఈ యవసరమును కారణమయ్యెను. ఆ నిర్మాణమునకు సారథ్యము వహించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులు తెలుగుదేశమునుండి వెళ్లిన వారేయని మన పాఠకులెరుగుదురు. ప్రకృతి తన ఇష్టము వచ్చినప్పుడిచ్చును, మనుష్యునకు తనకు కావలసినప్పుడు కావలెను. ఈ రెంటికి పొత్తు కుదుర్చుటయే శక్తిశాస్త్రమున మొదటినుండియు పెద్ద సమస్య. నేటి సౌరశక్తికిని అదియే సమస్యయని ముందు చూడగలము.

2. బొంబాయి మిల్లులు, ముల్శీ పొలములు

పడమటి కనుమలలో టాటా వారు నిర్మించిన ఖోపోలీ విద్యుత్కేంద్రము 1915లోను, భివ్‌పురి కేంద్రము 1922లోను, భిరా కేంద్రము 1927లోను పనిచేయ నారంభించినవి. బొంబాయి నూలుమిల్లులకు బొగ్గుపొగ లేని శక్తి లభించెను. ఆ మిల్లులలోను నేతపనిలోను తెలంగాణపు పద్మశాలీలు వేలకొలదిగా పాల్గొనిరి. నగరపు కట్టడములను లేపిన కామాఠీల పేర ఒక పేటయే వెలసినది. కనుమలమీద కురిసిన వాన నిట్లు మన నేతగాండ్ర కూలిగా మారినదని చెప్పిన తప్పుగాదు.

అయితే ఆ వాన నిలిచిన చోట ఏమి జరిగినది? భిరా కేంద్రమునకు నీరిచ్చునది పూనాకు పడమట నున్న ముల్శీ జలాశయము. దాని క్రింద మునిగిపోవు గ్రామముల రైతులు 1921లో సత్యాగ్రహమును సాగించిరి. సేనాపతి బాపట్ వారికి నాయకుడై కారాగారమున కేగెను. ఆనకట్టకు ప్రతిగా మన దేశమున జరిగిన మొట్టమొదటి సంఘటిత పోరాటములలో ఇది ఒకటి. పోరాటము నెగ్గలేదు, పొలములు మునిగినవి. మునిగినవారు మరాఠీ రైతులు, ఫలము పొందినవారిలో మన నేతగాండ్రు ఉండిరి. మనకు లాభము కలిగిన చోటనే గదా రెండవ లెక్కను దాచిపెట్టుటకు మనసు పుట్టును! కనుక దీనిని మరింత నిక్కచ్చిగా వ్రాసికొనవలెను.

3. పైకారా నీరు, కోయంబత్తూరు మోటార్లు

నీలగిరులలోని పైకారా కేంద్రము 1932లో ఆరంభమైనది. దాని తీగలు కొండ దిగి కోయంబత్తూరునకు వచ్చినవి. పిదప 1937లో మెట్టూరు, 1944లో పాపనాశము కేంద్రములు తోడైనవి. ఇక్కడి చరిత్ర కోలారు చరిత్రకంటె భిన్నముగా నడిచినది. పైకారా శక్తి వచ్చిన పిమ్మట కోయంబత్తూరు చుట్టుప్రక్కల నూలుమిల్లులు ఒకదానివెంట నొకటి లేచినవి. వీనిలో అనేకము తెలుగు మాతృభాషగా గల నాయుడు కుటుంబముల పెట్టుబడితో స్థాపింపబడినవే. వీరు తరతరములుగా ఆ నల్లరేగడి నేలలలో ప్రత్తి పండించినవారు. ప్రత్తి తమదే, మిల్లు తమదే, శక్తి ప్రక్క కొండనుండియే వచ్చుచున్నది.

అంతటితో ఆగక ఆ శక్తిని వాడు యంత్రమును గూడ అక్కడనే తయారుచేయుటకు పూనుకొనిరి. జి. డి. నాయుడు, డి. బాలసుందరంతో కలసి 1937లో స్వదేశపు మొదటి విద్యుత్ మోటారును నిర్మించినట్లు ప్రసిద్ధి. నూతులలోని నీటిని కపిలెతో తోడు రైతునకు ఆ మోటారు వరమైనది. కాలక్రమమున కోయంబత్తూరు మోటార్లకు, నీటిపంపులకు దేశమంతటను పేరు వచ్చెను. దీని చెడును గూడ చెప్పవలెను. పంపులు పెరిగినకొలది నూతులు లోతైనవి, భూగర్భజలము క్రిందికి దిగినది. విద్యుత్తు తరుగనిదైనను, దానితో తోడబడిన నీరు తరుగునదే.

అయినను కోలారును కోయంబత్తూరును ప్రక్కప్రక్కన నుంచి చూచిన ఒక సత్యము తేటపడును. కోలారులో మనవారు శక్తితో తిరుగు యంత్రమునకు కూలీలు. కోయంబత్తూరులో మనవారు ఆ యంత్రమునకు కర్తలు. గని మూయగానే కోలారున పని పోయినది, కోయంబత్తూరున పని మిగిలినది. శక్తి ఒక సీమకు మేలు చేయవలెనన్న దాని తీగ ఆ సీమను దాటిపోయిన చాలదు, దాని విద్య ఆ సీమవారి చేతికి రావలెను.

4. మాచ్‌ఖండ్, బలిమెల: వెలుగు దిగిపోయిన కొండ

1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు మదరాసు రాజధానిలోని కొరాపుట్టు, గంజాము సీమలు దానిలో చేరినవి. జయపురము, రాయగడ, గుణుపురము మొదలగు చోట్ల తెలుగువారు ఆ పిమ్మటను నిలిచియున్నారు. ఈ కొండలలో డుడుమ జలపాతమువద్ద మాచ్‌ఖండ్ నది సుమారు 175 మీటర్ల ఎత్తునుండి పడును. ఆ నదియే దిగువకు వచ్చి సీలేరను పేర శబరిలో కలిసి, శబరితో గోదావరిని చేరును. ఇట్టి తావును విద్యుత్తునకు వాడుకొనవలెనని మదరాసు, ఒరిస్సా ప్రభుత్వములు కలసి తలపెట్టినవి. ఆంధ్రరాష్ట్రమవతరించిన పిదప మదరాసు వంతు ఆంధ్రమునకు వచ్చినది. జలాపుట్టువద్ద ఆనకట్ట కట్టి, 1955లో కేంద్రమును ఆరంభించిరి. మొదటి యొప్పందము చొప్పున ఉత్పత్తిలో నూటికి 70 పాళ్లు ఆంధ్రమునకు, 30 పాళ్లు ఒరిస్సాకు చెందెను. అప్పటి ఆంధ్రరాష్ట్రమునకు అది ప్రాణాధారమైనది. విశాఖపట్టణమునకును కోస్తా పట్టణములకును వెలుగు ఆ కొండనుండి దిగివచ్చెను.

కొండమీది వారి సంగతి వేరు. జలాశయము క్రింద మునిగిన పల్లెలు విశేషముగా గిరిజనులవి. పట్టాకాగితము లేని పోడుభూమికి పరిహారమును నిర్ణయించు పద్ధతి ఆనాడు సరిగా లేదు. ఇల్లు వాకిలి విడిచిన కుటుంబములలో పెక్కింటికి తగిన పునరావాసము కలుగలేదు.

దిగువను సీలేరుమీద రెండు రాష్ట్రములు కలసి కట్టిన బలిమెల ఆనకట్ట కథ ఇంకను విచారకరము. జలాశయము నిండగా నూటయేబది పల్లెలు మూడు వైపుల నీటితోను, ఒకవైపు కొండలతోను ఆవరింపబడి ద్వీపములవలె మిగిలినవి. సంతకు పోవలెనన్నను, రోగిని ఆసుపత్రికి చేర్చవలెనన్నను పడవయే శరణ్యము. ఆ నీటిమీద వంతెనకు 1980 దశకము మొదటనే పునాదిరాయి వేసిరి. గురుప్రియ వంతెన ప్రజలకు తెరువబడినది 2018 జూలైలో. బలిమెల విద్యుత్తు పట్టణములకు చేరుటకు పట్టిన కాలమొకటి, బలిమెల ప్రజలు ఒడ్డునకు చేరుటకు పట్టిన కాలము మరొకటి. ఈ రెండు కాలములకు నడుమ నున్న నలుబదియేండ్ల యెడము ఏ మెగావాట్ల పట్టికలోను కనబడదు.

జలవిద్యుత్తు వలదని చెప్పుట మన యుద్దేశము కాదు. పొగ లేదు, బూడిద లేదు, ఇంధనపు ఖర్చు లేదు. ఎనిమిదివేల కోర్కెలకు ఏడువేల అడ్డంకులుండవచ్చును గాని, పేదవానికి కలిగిన నష్టమును ఖర్చు పద్దులో వ్రాయకుండుట వలననే అది చవకగా కనబడినదన్న మాటను మరువరాదు.

5. కయత్తారు గాలి

1973లోను, 1979లోను ప్రపంచమున నూనెధరలు విపరీతముగా పెరిగినవి. దానితో మన ప్రభుత్వము అన్యశక్తులవైపు దృష్టి మరల్చెను. 1981లో అదనపు శక్తివనరుల కమిషన్, 1982లో సంప్రదాయేతర శక్తివనరుల శాఖ ఏర్పడినవి. ఆ శాఖయే 1992లో ప్రత్యేక మంత్రిత్వశాఖయైనది. 1986లో గుజరాతు, మహారాష్ట్ర, తమిళనాడు తీరములలో ప్రదర్శనార్థము గాలిమరలు నిలుపబడినవి. ఒక్కొక్కటి 55 కిలోవాట్ల చిన్నమర. నేడు నిలుపుచున్న మరలు ఒక్కొక్కటి రెండు మూడు మెగావాట్ల శక్తి గలవి.

గాలి అన్నిచోట్ల సమముగా వీచదు. పడమటి కనుమలు దక్షిణమున గోడవలె నిలిచియున్నవి. ఆ గోడకు పాలఘాటువద్దను, సెంగోట్టైవద్దను, ఆరల్వాయిమొళివద్దను కంతలు కలవు. నైరృతి ఋతుపవనము ఆ కంతలలో దూరి వేగము పుంజుకొని తూర్పుమైదానములమీద పడును. ఉడుమలైప్పేట, కయత్తారు, ముప్పందల్ ప్రాంతములలో గాలిమరలు అడవివలె లేచుటకు కారణమిదియే. కయత్తారు పేరు మనకు వేరొక విధమునను తెలిసినదే. పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన 1799లో అక్కడనే ఉరితీయబడెను. ఆయన వంశమువారు తెలుగు మాటలాడు రాజకంబళ నాయకులు. ఆ పరగణాల నల్లరేగడిలో తెలుగు రైతుకుటుంబములు నేటికిని సేద్యము చేయుచున్నవి.

గాలిమరలో నొక గుణము కలదు. అది నిలుచుటకు కొద్దిపాటి జాగా చాలును. చుట్టును జొన్న, ప్రత్తి, మినుము పండించుకొనవచ్చును, గొఱ్ఱెలను మేపుకొనవచ్చును. జలాశయమువలె ఊరును ముంచదు. అయితే రైతు మర నిలుచు తుండును ఒక్కసారి అమ్మివేసినచో, ధర చేతికి వచ్చి ఖర్చగును, పిదప మర తిరిగినన్నాళ్లు ఆదాయము మరయొక్క యజమానిదే. తన పొలముమీద వీచు గాలికి వెల కలదని ఆ రైతునకు ముందుగా చెప్పినవారు లేరు.

గాలికిని ఋతువు కలదు. మే మొదలు సెప్టెంబరు వరకు విరివిగా వీచును, తక్కిన నెలలలో సన్నగిల్లును. గాలి మిక్కుటముగా వీచు దినములలో తీగలు చాలక మరలను ఆపివేసిన సందర్భములు తమిళనాట జరిగినవి. ఆ రాష్ట్రము చిరకాలము పవనశక్తిలో దేశమున ప్రథమస్థానమున నుండి, ఇటీవల దానిని గుజరాతునకు విడిచినది. 2025 మార్చి నాటికి దేశమంతటి పవనశక్తి స్థాపనము 50,000 మెగావాట్లకు చేరినది.

6. పావగడ ఎండ

ఇక నేటి కాలమునకు వత్తము. కర్ణాటకమున తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా పటములో చూచిన ఆంధ్రమున చొచ్చుకొనిపోయిన ద్వీపమువలె నుండును. మూడువైపుల అనంతపుర సీమ. అక్కడి పల్లెలలో ఇంటిమాట విశేషముగా తెలుగే, బడిమాట కన్నడము. వాన తక్కువ, నేల మెట్ట, పంట వేరుసెనగ. లోతునుండి తోడిన నీటిలో ఫ్లోరైడు దోషము. కరవు వచ్చినప్పుడెల్ల యువకులు బెంగుళూరునకు వలసపోవుట అక్కడ పరిపాటి.

2010 జనవరిలో ప్రభుత్వము జాతీయ సౌరశక్తి ఉద్యమమును ప్రకటించెను. 2022 నాటికి 20,000 మెగావాట్లు సాధింపవలెనని మొదటి లక్ష్యము. 2015లో దానిని లక్ష మెగావాట్లకు పెంచిరి. ఆ యేడే కర్ణాటకమున సౌరోద్యానముల నిర్మాణమునకు ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడి, పావగడ తాలూకాలోని తిరుమణి, వల్లూరు, బాలసముద్రము, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామములను ఎన్నుకొనెను. ఈ పేర్లను చదివినప్పుడు తెలుగువాని చెవికి చెరువు అను మాట వినబడక మానదు. చెరువు పేర పుట్టిన ఊళ్లు నీరు చాలక, తుదకు ఎండనే పంటగా వేసికొన్నవి. 2018లో మొదటి విడత యంత్రములు పనిచేయ నారంభించినవి. 2019 చివరకు 2,050 మెగావాట్ల స్థాపనము పూర్తియైనది. దానికి పట్టిన నేల సుమారు 13,000 ఎకరములు. ప్రపంచమునందలి పెద్ద సౌరోద్యానములలో నది యొకటిగా పేర్కొనబడినది.

చరిత్రదృష్టితో చూచినచో ఇక్కడ నొక క్రొత్త పద్ధతి కలదు. ముల్శీలోవలె, జలాపుట్టులోవలె నేలను బలవంతముగా తీసికొనలేదు. కయత్తారులోవలె కొనను లేదు. దీర్ఘకాలపు కౌలునకు తీసికొన్నారు. ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేండ్ల కొకసారి నూటికి అయిదు చొప్పున హెచ్చింపు. భూమి రైతు పేరనే యున్నది. వాన కురిసినను కురియకున్నను కౌలు చేతికి వచ్చును. వరుస కరవులతో అప్పులపాలైన మెట్టరైతునకు ఇది చిన్న మేలు కాదు. మన దేశపు శక్తిచరిత్రలో స్థలయజమానిని కౌలుదారునకు పై మెట్టున నిలిపిన ఈ యేర్పాటును మనము మెచ్చుకొనవలెను.

మెచ్చుకొని, లెక్క వేయవలెను. రెండేండ్లకు నూటికయిదు హెచ్చినచో, ఇరువదినాలుగేండ్లు గడచునప్పటికి 21,000 రూపాయల కౌలు సుమారు 37,700 అగును. అనగా రెట్టింపు కూడ కాదు. బియ్యము, మందులు, చదువుల వెలలు ఏడాదికి నూటికయిదు చొప్పున పెరిగినవని అనుకొందము. ఇరువదినాలుగేండ్లలో అవి మూడు రెట్లకు మించును. ఆనాటి కౌలుతో కొనగలిగినది నేటి కౌలుతో కొనగలిగినదానిలో సగముకంటె కొంచెమే ఎక్కువ. నేడు తండ్రికి తృప్తి కలిగించిన కాగితము రేపు కొడుకునకు చాలదు.

ఇంతకంటె పెద్ద లోపము మరియొకటి. కౌలు పట్టాదారునకు వచ్చును. పట్టా లేనివానికి ఏమి వచ్చును? వేరుసెనగ చేలో కలుపుతీసి, కాయలు పెరికి, ఒలిచి కూలి తెచ్చుకొన్న ఆడవారికి ఆ పని పోయినది. బీడులో గొఱ్ఱెలు మేపుకొన్నవానికి కంచె అడ్డమైనది. ఫలకములను తుడుచుట, గడ్డి కోయుట, కాపలా కాయుట వంటి కొలువులు కొందరికి దొరికినవి గాని, పదమూడువేల ఎకరముల సేద్యమిచ్చిన పనిదినములకు అవి సాటిరావు. యంత్రమును నిలుపునప్పుడు పని విరివిగా నుండును. నిలిపిన పిమ్మట ఎండ తనంతట తాను పనిచేయును. కూలివాడు తొలగింపబడుట ఈ శక్తి స్వభావములోనే యున్నది. మునుపు మునిగినది ఊరు. ఇప్పుడు ఊరు మునుగలేదు, ఊరిలోని పని మునిగినది.

7. దేశపు స్థితి, రాబోవు కాలము

2025 మార్చి నాటికి మన దేశమున సౌరశక్తి స్థాపనము 1,05,000 మెగావాట్లు దాటినది. పెద్ద జలవిద్యుత్కేంద్రములు సుమారు 47,000 మెగావాట్లు. అదే సంవత్సరము మధ్యకు, దేశమునందలి మొత్తము విద్యుత్ స్థాపనశక్తిలో సగము బొగ్గు, నూనె, సహజవాయువులతో పనిలేనిదాయెను. 2030 నాటికి ఇట్టి స్థాపనమును 5,00,000 మెగావాట్లకు పెంచవలెనన్నది ప్రభుత్వ లక్ష్యము. వనరునకు కొదవ లేదు. బంజరు భూములలో నూటికి మూడు పాళ్లు వాడినను 7,48,000 మెగావాట్ల సౌరశక్తికి అవకాశము కలదని జాతీయ సౌరశక్తి సంస్థ ఒకప్పుడు అంచనా వేసియున్నది.

అయితే స్థాపనము వేరు, ఉత్పత్తి వేరు. రాత్రి ఎండ లేదు, శీతకాలమున గాలి లేదు. అందుచేత స్థాపనములో సగమైనను, పుట్టిన విద్యుత్తులో నాలుగింట మూడుపాళ్లకు దగ్గరగా ఇంకను బొగ్గునుండియే వచ్చుచున్నది. కృష్ణరాజసాగరము నాటి ప్రశ్న మరల మన ముందు నిలిచినది: ఉన్నప్పుడు పట్టి, లేనప్పుడు వాడుట ఎట్లు? దానికి నీరే మరల ఉపాయము చూపుచున్నది. మధ్యాహ్నపు ఎండతో పుట్టిన మిగులు విద్యుత్తుచే దిగువ జలాశయపు నీటిని ఎగువకు ఎత్తి, రాత్రి దానిని దించి యంత్రములను త్రిప్పవచ్చును. కోయంబత్తూరు జిల్లాలోని కడంపారై కేంద్రము 400 మెగావాట్లతోను, శ్రీశైలము ఎడమగట్టు కేంద్రము 900 మెగావాట్లతోను ఈ పద్ధతికై నిర్మింపబడినవే. ముందు ముందు ఇట్టివి మరెన్నో రాగలవు. అనగా కొండలయందు మరల ఆనకట్టలు లేచును. మాచ్‌ఖండ్ పద్దును సరిచూచుకొనక ఆ పని కుపక్రమించుట క్షేమము కాదు.

8. మన కర్తవ్యము

నూటయిరువదియేండ్ల ఈ చరిత్రనుండి మూడు మాటలు తేలుచున్నవి.

మొదటిది: శక్తి పుట్టిన నేలకు కౌలు చెల్లుట న్యాయము, ఆ కౌలు వెలలతోపాటు పెరుగుట ఇంకను న్యాయము. క్రొత్తగా కాగితము వ్రాసికొను రైతు ఇరువదియైదేండ్ల తరువాతి లెక్క వేసికొని సంతకము పెట్టవలెను. పావగడ కాగితములు కన్నడమున నున్నవి, అనంతపురపువి తెలుగున నున్నవి. రెండు భాషలు తెలిసినవారు మన సంఘములలో కొల్లలుగా నున్నారు. గ్రామమునకు పోయి, కాగితమును చదివి, అర్థము చెప్పుట కంటె గొప్ప భాషాసేవ లేదు.

రెండవది: భూమి లేనివానికి గూడ వంతు ఉండవలెను. వచ్చు ఆదాయమున కొంత గ్రామమునకై ప్రత్యేకించి, పని కోల్పోయిన కుటుంబములకు చేరునట్లు చూడవలెను. పట్టాకాగితమే హక్కునకు కొలతయైనచో జలాపుట్టు గిరిజనుడును, వల్లూరు కూలిమనిషియు ఒక్కరీతిగా లెక్కకు రాకుండ పోవుదురు.

మూడవది: విద్య. కోయంబత్తూరు మోటారుతో పైకి వచ్చినది. పావగడ పిల్లవాడు ఫలకమును తుడుచుటతో తృప్తిపడక, దానిని బిగించుట, మరమ్మతు చేయుట, తుదకు తయారుచేయుట నేర్వవలెను. ఆ సీమలో ఇట్టి శిక్షణకు విద్యార్థివేతనములిచ్చు పని మన సంఘములు పూనుకొనదగినది.

ఇంకను ఒక విన్నపము. కోలారు గనుల నాటి కూలీల వారసులు, మాచ్‌ఖండ్ నిర్మాణమున పనిచేసిన కుటుంబములు, పైకారా తీగ మొదట చూచిన కోయంబత్తూరు వృద్ధుల పిల్లలు మన నడుమ నింకను ఉన్నారు. వారి యిండ్లలో పాత వేతనపు చీటీలు, ఛాయాచిత్రములు, ఉత్తరములు ఉండవచ్చును. ప్రభుత్వపు దస్త్రములలో మెగావాట్లు భద్రముగా నున్నవి. మనుష్యులు మాత్రము చెదరిపోవుచున్నారు. ప్రతి పట్టణములోని సంఘమును ఈ జ్ఞాపకములను సేకరించి వ్రాయించి పెట్టినచో రెండవ లెక్క పూర్తికాగలదు.

నీరు, గాలి, ఎండ ఎవరి సొత్తును కావు. అవి మనవారు మాట మార్చుకొనక నిలిచిన ప్రతి సీమలోను వీచుచు, పారుచు, కాయుచునే యున్నవి. అవి తరుగవు. వానితో పుట్టిన సంపద అందరకు చేరునో లేదో మాత్రము మన జాగరూకతమీద ఆధారపడియున్నది.